ఆఖరి 200 మీటర్లలో సైకిల్ వేగం పెరగాలంటే ఏం చేయాలి?

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది హన్మకొండ. మూడేళ్లుగా పొద్దున్నే కాజీపేట దాటి మడికొండ వైపు సైకిల్ తొక్కుతున్నా. 40 కిలోమీటర్లు దమ్ము పోకుండా వెళ్లి వస్తా. కానీ దోస్తులతో పందెం పెట్టుకుంటే ఆఖరి 200 మీటర్లలో అందరూ నన్ను దాటేస్తున్నారు. సీటు మీది నుంచి లేచి తొక్కితే 7 సెకన్లకే తొడలు బిగుసుకుపోతున్నాయి. చాలా బాధగా ఉంది.

రెండు నెలలుగా వారానికి రెండుసార్లు, 10 సెకన్ల స్ప్రింట్లు (పూర్తి బలంతో వేగంగా తొక్కడం) ఆరేసి చేస్తున్నా. మధ్యలో ఒక్క నిమిషమే ఆగుతున్నా. కండరాల్లో క్రియాటిన్ ఫాస్ఫేట్ (కొద్ది సెకన్ల గట్టి శ్రమకు వెంటనే శక్తినిచ్చే పదార్థం) మళ్లీ నిండటానికి 3 నుంచి 5 నిమిషాలు పడుతుందని ఈ మధ్యే చదివా. నా తప్పు అదేనా? పెద్ద గేరులో నెమ్మదిగా మొదలుపెట్టి బలంగా తొక్కాలా, చిన్న గేరులో కాళ్లు వేగంగా తిప్పడం నేర్చుకోవాలా? జిమ్‌లో స్క్వాట్లు కూడా చేద్దామనుకుంటున్నా. అవి స్ప్రింట్ రోజే చేయాలా, వేరే రోజా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.