వేసవిలో పొమేరియన్‌కి గుండు కొట్టించాలా, వద్దా?

కాలవగట్టు (అమలాపురం):
మా చిట్టి తెల్ల పొమేరియన్. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి ఒకటే వగర్పు, వంటింటి గచ్చు మీద నుంచి లేవడం లేదు. "పాపం, ఆ బొచ్చంతా తీయించేయండి" అని మా అత్తయ్యగారు. గ్రూమింగ్ అబ్బాయి జీరో మిషన్ పెడతానంటున్నాడు. మావారు వద్దంటున్నారు. పెంచినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

భీమవరం బాబాయ్:
కొట్టించేయమ్మా. మేం ఏటా చేయిస్తాం. మా ఇంటి పక్కనే పశువుల పాక. ఆ బొచ్చులో పిడుదులు ఎక్కడ దాక్కున్నాయో కనపడవు. మా దానికి పిడుదు జ్వరం వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి, బతకడమే గొప్పయింది. అందం కంటే ప్రాణం ముఖ్యం కదా.

లంకగాలి:
బాబాయ్‌గారూ, పిడుదుల భయం నిజమేనండి. గుండుకి మాత్రం నేను ఒప్పుకోను. వీటికి బొచ్చు రెండు పొరలు. పైన పొడుగాటి బిరుసు వెంట్రుకలు, కింద దట్టంగా మెత్తటి నూగు. చర్మం దాకా గొరిగితే నూగు ముందు పెరిగిపోతుంది, పైపొర వెనకబడుతుంది. పొమేరియన్లలో కొన్నిటికి ఏడాది దాటినా మచ్చలు మచ్చలుగానే ఉంటుంది, కొన్నిటికి మళ్లీ సరిగా రానే రాదు. పైగా బోసి చర్మం ఎండకి కమిలిపోతుంది.

అసలు సంగతి ఉక్క. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కాస్త పడుతుందంతే. వగర్చినప్పుడు నాలుక మీద, గొంతులో తడి ఆవిరై ఒళ్లు చల్లబడాలి. రోహిణి కార్తెలో మన కోనసీమ గాలే తడి, ఇక ఆవిరి ఎక్కడవుతుంది? గుండు కొడితే ఆ గాలి మారదుగా! దానికి కావాల్సింది ఫ్యానో ఏసీయో, చల్లటి గచ్చు, ఎప్పుడూ నీళ్లు.

చేయాల్సింది దువ్వడం. పైపైన కాదు, పాయలు తీసి చర్మం కనపడేదాకా. చెవుల వెనక, చంకల్లో, తొడల వెనక జడలు కట్టేస్తుంది, అక్కడ వేళ్లతో విడదీయండి. ఊడాల్సిన నూగు చేటెడు దూదిలా వస్తుంది. అది పోతే గాలి చర్మానికి తగులుతుంది. పాదాల మధ్య, పొట్ట కింద, తోక కింద కత్తెర వేయించండి, చాలు. మెడకి పట్టీ వద్దు, వీటి గాలిగొట్టం సున్నితం. ఛాతీకి వేసే బెల్టు కొనండి.

తణుకు టీచర్:
ఒక చిన్న సవరణ. మన వైపు పొమేరియన్ అని అమ్మేవాటిలో చాలా మటుకు ఇండియన్ స్పిట్జ్ అనే ఇంకో జాతివే. అసలు పొమేరియన్ రెండు మూడు కిలోలకి మించదు. దాని పూర్వీకులు బాల్టిక్ తీరపు చలిదేశం కుక్కలు. 1888లో విక్టోరియా రాణి ఫ్లారెన్స్ నుంచి చిన్నవాటిని తెచ్చుకున్నాకే బుల్లి సైజుకి మోజు పెరిగింది. బొచ్చు రెండిటికీ రెండు పొరలే, కాబట్టి లంకగారి మాట రెండిటికీ వర్తిస్తుంది. షిట్జు అనే జాతి కుక్కల బొచ్చు వేరు, అది పెరుగుతూనే ఉంటుంది, పొట్టిగా కత్తిరించినా వచ్చేస్తుంది. గ్రూమింగ్ వాళ్లు ఆ అలవాటుతోనే వీటికీ మిషన్ పెట్టేస్తారు.

భీమవరం బాబాయ్:
చెప్పినంత తేలికా? చెరువుల మీద పని చేసుకుని రాత్రి ఇంటికొచ్చేవాడు పాయలు తీసి దువ్వుతూ కూర్చుంటాడా? జడలు కట్టి కింద పుండు పడితే అప్పుడేంటి?

లంకగాలి:
పుండు పడితే డాక్టరే అక్కడ గొరుగుతారు, అది వైద్యం. దాన్నెవరూ కాదనరు. పిడుదులకి బరువును బట్టి మాత్రో, మెడ మీద వేసే చుక్కలో ఉన్నాయి, డాక్టరునడిగి క్రమం తప్పకుండా వాడండి. గొరిగినా చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులు పడుతూనే ఉంటాయండి. రోజూ కాసేపు కూడా దువ్వలేమనుకుంటే ఈ జాతి కుక్కని తెచ్చుకోకపోవడమే దానికి మేలు.

కాలవగట్టుగారూ, చిట్టి బరువెంత?

కాలవగట్టు:
ఏడు కిలోలండి. అత్తయ్యగారు పెరుగన్నం మూడు పూటలా పెడతారు.

తణుకు టీచర్:
అయితే మీది స్పిట్జే అయ్యుంటుంది. మూడు పూటలా పెరుగన్నం అంటే బరువు కాస్త ఎక్కువే కావచ్చు. కొవ్వు కూడా వేడిని బయటికి పోనివ్వదు, ముందు అన్నం తగ్గించండి. నడక తెల్లారకముందే. చిగుళ్లు ఎర్రబడినా, తూలినా, వాంతి చేసుకున్నా అది వడదెబ్బ కావచ్చు. మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాను గాలి తగిలేలా పెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

భీమవరం బాబాయ్:
ఆయ్, ఆ వడదెబ్బ మాటకి నేనూ సరేనంటా. మిషన్ సంగతి మాత్రం మా డాక్టరుగారిని అడిగే తేల్చుకుంటా.