6 గిగాహెర్ట్జ్ పైభాగం: మొబైల్ కంపెనీలకు వేలం వేయాలా, వైఫైకి వదిలేయాలా?

మధురవాడ ఐటీ:
ముందే చెప్పేస్తున్నా, నేను వైఫై పక్షం. విషయం తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 5925 నుంచి 7125 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న 1200 మెగాహెర్ట్జ్‌ని 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ అంటున్నారు. అమెరికా 2020 ఏప్రిల్‌లో అదంతా లైసెన్సు అక్కర్లేని వాడకానికి వదిలేసింది. మన టెలికాం శాఖ 2025 మేలో ఇచ్చిన ముసాయిదాలో కింది 500 మాత్రమే తక్కువ పవర్ వైఫైకి ఇస్తామంది. పైన 700 మిగిలింది. దాన్ని తమకే వేలం వేయాలని మొబైల్ కంపెనీలు పట్టుబడుతున్నాయి. 2025 సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వేలం గురించి ఇచ్చిన సంప్రదింపుల పత్రంలో ఈ సంగతి కూడా ఉంది.

వైఫై 7 రౌటర్ పూర్తి వేగం చూపించాలంటే 320 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానల్ కావాలి. 500లో అలాంటిది ఒక్కటే పడుతుంది. మొత్తం 1200 ఇస్తే మూడు పడతాయి. మా అపార్ట్‌మెంట్‌లో సాయంత్రం ఆరు దాటాక ఫోన్‌లో వైఫై లిస్టు తెరిస్తే స్క్రీన్ కిందిదాకా పక్కింటివాళ్ల రౌటర్లే. సరిగ్గా అప్పుడే నాకు క్లయింట్ కాల్ ఉంటుంది. ఒక్క చానల్‌ కోసం ఇంతమందీ కొట్టుకోవాలా?

పాత జేటీఓ:
బాబూ, టెలికాంలో జూనియర్ ఆఫీసరుగా (జేటీఓ) చేసినవాణ్ని, నీ ఇబ్బంది నాకు అర్థమైంది. కానీ నువ్వు అమెరికా లెక్క చూస్తున్నావు. ఇంటికి కేబుల్ నెట్ ఉన్నవాడికే వైఫై. మన దేశంలో వైరు బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు నాలుగు కోట్ల పైచిలుకు, ఫోన్ మీద నెట్ వాడేవాళ్లు తొంభై కోట్ల దరిదాపు. నోకియా లెక్క ప్రకారం 2024లో ఒక్కో మొబైల్ వినియోగదారు నెలకు 27.5 జీబీ వాడాడు. ఆ బరువంతా మోసేది టవరే.

రెండోది, దేశాలు ఒకే బ్యాండు వాడటం. దీన్ని చాలామంది తేలిగ్గా తీసేస్తారు. 2023 చివర దుబాయ్‌లో ప్రపంచ రేడియో సదస్సు జరిగింది. ఐరోపా, ఆఫ్రికా, అరబ్ దేశాలున్న ఒకటో ప్రాంతానికి 6425 నుంచి 7125 వరకు మొబైల్‌కి గుర్తించారు. మనమున్న మూడో ప్రాంతానికి 7025 నుంచి 7125 వరకు. చైనా అదే ఏడాది సొంతంగా 700 మొత్తం మొబైల్‌కి కేటాయించుకుంది. ఇన్ని దేశాలు ఒక బ్యాండు పట్టుకుంటే చిప్పు తయారుచేసేవాడికి ధైర్యం వస్తుంది, ఫోన్ ధర దిగుతుంది. నేను సర్వీసులో ఉన్నప్పుడు వేరే వేరే పద్ధతుల్లో పనిచేసే సీడీఎంఏ ఫోన్లూ జీఎస్ఎం ఫోన్లూ పక్కపక్కన చూశాను. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారాలంటే ఫోనే పారేయాల్సి వచ్చేది.

హార్బర్ కుర్రాడు:
మాస్టారు చెప్పింది మాకు రోజూ కనబడేదే. బోటు సముద్రంలోకి వెళ్తే వీహెచ్ఎఫ్ సెట్ (బోటు రేడియో) చానల్ 16లో పెడతాం, 156.8 మెగాహెర్ట్జ్. అవుటర్ యాంకరేజ్‌లో ఆగిన ఓడ ఏ దేశానిదైనా అదే చానల్. అడ్డం వచ్చేస్తున్నాడంటే అక్కడే పిలుస్తాం, పలుకుతాడు. అవతలివాడికి తెలుగు రాదనుకోండి, అది వేరే బాధ. కానీ ఏటండీ, ఆ ముసాయిదాలో బోట్లలో 6 గిగాహెర్ట్జ్ వైఫై వాడకూడదని రాశారంట?

మధురవాడ ఐటీ:
అవును తమ్ముడూ, రాశారు. ఆయిల్ ప్లాట్‌ఫారాలు, కార్లు, రైళ్లు, బోట్లు అన్నిట్లోనూ వద్దన్నారు. పదివేల అడుగుల పైన ఎగిరే విమానానికి మాత్రం సడలింపు. అదే బ్యాండులో ఉపగ్రహాలకు సిగ్నల్ పంపేవాళ్లు ఉన్నారు కాబట్టి జాగ్రత్త.

జేటీఓ గారూ, ఒకే బ్యాండు ఉండాలన్న మీ వాదన వైఫైకీ వర్తిస్తుంది కదా. కింది 500లో దాదాపు అంతా ఐరోపా 2021లోనే వైఫైకి తెరిచింది. అమెరికా రౌటర్ ఇక్కడ పనిచేయాలన్నా అదే సూత్రం. ఇక అవసరం సంగతి. 2020 నాటికి మొబైల్‌కి 1340 నుంచి 1960 మెగాహెర్ట్జ్ కావాలని ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ నివేదిక 2013లో లెక్క వేసింది. మనం 2020లో అందులో సగం కూడా లేకుండానే ఒక్కో ఫోన్‌కి ప్రపంచంలో ఎక్కువ డేటా కాల్చే దేశాల్లో ఒకటయ్యాం. ఇప్పుడు పరిశ్రమ సంఘం జీఎస్ఎంఏ దేశానికి సగటున 2 గిగాహెర్ట్జ్ మిడ్ బ్యాండ్ (సుమారు 1 నుంచి 7 గిగాహెర్ట్జ్ మధ్య ఉండేది) కావాలంటోంది. పాత లెక్కే అంత తేడా కొడితే కొత్తదాన్ని ఎందుకు నమ్మాలి? 2024 జూన్ వేలంలో పదివేలకు పైగా మెగాహెర్ట్జ్ పెడితే అమ్ముడైంది 141. ఆకలి ఉన్నవాడు ఇలాగే తింటాడా?

కేబుల్ బాబ్జీ:
ఇద్దరూ ఉపగ్రహాన్ని మర్చిపోయారు. గాజువాకలో మాది చిన్న కంట్రోల్ రూమ్, మేడ మీద నాలుగు డిష్‌లు. చానళ్లు మాకు 3700 నుంచి 4200 మధ్య దిగుతాయి. 5జీకి 3300 నుంచి 3670 ఇచ్చారు. మధ్యలో మిగిలింది 30 మెగాహెర్ట్జ్. ఎదుటి బిల్డింగ్ మీద 5జీ పెట్టిన వారంలో మాకు బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోయింది. ముందు కేబుల్ అనుకున్నాం, తర్వాత రిసీవర్ మార్చాం. చివరికి చూస్తే దోషం ఎల్ఎన్‌బీలో, అంటే డిష్ ముందు సిగ్నల్ పట్టే డబ్బాలో. అది ఉపగ్రహం నుంచొచ్చే ఈగ చప్పుడు వినాలని కూర్చుంటుంది, పక్కనే టవర్ అరుస్తుంటే దానికేం వినబడుతుంది. డిష్ మూతికీ ఎల్ఎన్‌బీకీ మధ్య ఫిల్టర్ బిగిస్తేగానీ సర్దుకోలేదు. ఆ ఫిల్టర్ డబ్బులు ఎవడిచ్చాడు? నేనే.

ఇప్పుడు 6 గిగాహెర్ట్జ్‌లో టీవీ కంపెనీలు ఉపగ్రహానికి సిగ్నల్ పంపే అప్‌లింక్ ఉంది. పెద్ద పవర్ టవర్లు ఊరంతా పెడితే ఆ రొద పైకి, ఉపగ్రహం దాకా పోతుంది. ఇంట్లో రౌటర్ అయితే గోడ దాటి పోయేది కొంచెమే. నేను నెట్ కనెక్షన్లు కూడా అమ్ముతాను కాబట్టి వైఫై అంటున్నానని మీరనుకుంటే అనుకోండి, అదీ నిజమే.

పాత జేటీఓ:
బాబ్జీ చెప్పిన ఇబ్బంది నిజమే. అలాంటిదే ఇంకోటి. విమానం కింద ఎత్తు కొలిచే పరికరం 4200 నుంచి 4400లో పనిచేస్తుంది. అందుకని 2022 నవంబరులో రన్‌వే చివర్ల నుంచి 2.1 కిలోమీటర్లు, పక్కలకు 910 మీటర్ల లోపు 3300 బ్యాండు 5జీ టవర్లు పెట్టొద్దని టెలికాం శాఖ చెప్పింది. మన విశాఖ ఎయిర్‌పోర్టు పక్కన ఎన్ఏడీ వైపు ఉండేవాళ్లు ఆ దూరాలు కొలుచుకుంటే తెలుస్తుంది, ఎంత ఊరు అందులో పడుతుందో. ఇలాంటి తలనొప్పులన్నీ ఒక్కో దేశం ఒంటరిగా పడటం ఎందుకని సదస్సులో కూర్చుని హద్దులు గీసుకుంటారు. టవర్ పైకి ఎంత శక్తి వదలొచ్చో దుబాయ్‌లో 6 గిగాహెర్ట్జ్‌కి పరిమితి పెట్టింది ఉపగ్రహాల కోసమే.

2024 వేలం గురించి ఐటీ బాబుకి: అందులో మిగిలింది చాలావరకు 26 గిగాహెర్ట్జ్. అది గోడ దాటదు, చెట్టు దాటదు. దాన్ని చూసి మిడ్ బ్యాండుకి గిరాకీ లేదనడం కుదరదు. 2022లో జియో, ఎయిర్‌టెల్ మిడ్ బ్యాండులో చెరో 100 మెగాహెర్ట్జ్ కొన్నాయి. జగదాంబ జంక్షన్‌లో పండగ ముందు సాయంత్రం స్పీడ్ టెస్ట్ కొట్టి చూడు, ఆ 100 ఎంత త్వరగా నిండుతుందో.

పాడేరు పంతులమ్మ:
అందరూ పెద్ద పెద్ద అంకెలు చెబుతున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మా బడిలో హాజరు ఫోన్ యాప్‌లో వేయాలి. బడి గుమ్మంలో సిగ్నల్ ఉండదు. బోరింగు దాటి గట్టెక్కితే ఒక గీత వస్తుంది, అక్కడ నిలబడి ఫోటో అప్‌లోడ్ అయ్యేదాకా చెయ్యి పైకెత్తి ఉండాలి. వాన పడితే అదీ లేదు. ఆలస్యమైతే సంజాయిషీ మళ్లీ నేనే రాయాలి.

మాకు 6 గిగాహెర్ట్జ్ అక్కర్లేదు. కొండ చుట్టూ వంగి వచ్చేది 700 మెగాహెర్ట్జ్ అని విన్నాను. దాని సంగతేమిటి?

పాత జేటీఓ:
టీచర్ గారూ, మీరడిగింది అసలు ప్రశ్న. 700 కథ చెబితే వేలం గుట్టు బయటపడుతుంది. ఆసియా పసిఫిక్ దేశాలు కలిసి 703 నుంచి 803 మధ్య ఒక ప్లాన్ గీశాయి, బ్రెజిల్, మెక్సికో కూడా తీసుకున్నాయి. అమెరికా మాత్రం తనదారి తనది అంది. అంటే మనకు ఫోన్లు, పరికరాలు సిద్ధంగా దొరికే బ్యాండు. అయినా 2016లో మెగాహెర్ట్జ్‌కి రిజర్వు ధర (వేలం మొదలయ్యే కనీస ధర) 11,485 కోట్లు పెట్టారు, ఒక్కరూ కొనలేదు. 2021లో 6,568 కోట్లు, అప్పుడూ లేదు. 2022లో 3,927 కోట్లకు దింపితే జియో 10 మెగాహెర్ట్జ్ కొంది. ఆరేళ్లు గాలిలోనే ఉండిపోయింది.

మీ కొండలకు మాత్రం దారి వేరే ఉంది. 2022 జులైలో కేంద్రం 26,316 కోట్లతో 24,680 గ్రామాలకు 4జీ ఇచ్చే పథకానికి ఆమోదం ఇచ్చింది, పని బీఎస్ఎన్ఎల్‌ది. బీఎస్ఎన్ఎల్‌ని నిలబెట్టడానికి ఇచ్చిన 2023 ప్యాకేజీలో దానికి 700 కూడా ఇచ్చారు. మీ ఫోన్‌ సెట్టింగ్స్‌లో కాదు, డబ్బా మీద చూడండి, బ్యాండ్ 28 అని ఉండాలి, ఈ 700కి ఫోన్లవాళ్లు పెట్టిన పేరు అదే.

మధురవాడ ఐటీ:
గురువుగారూ, మీరే నా వాదన గెలిపించారు! అంతా ఒప్పుకున్న బ్యాండుకే ధర తప్పితే ఆరేళ్లు పాడుబడింది. మన ప్రాంతంలో మొబైల్‌కి గుర్తించింది పై 100 మాత్రమే, మిగతా 600 మీద ఇంకా ఏకాభిప్రాయం లేదు. 2027లో షాంఘైలో మళ్లీ సదస్సు ఉంది, అక్కడ 7125 నుంచి 8400 చర్చకు వస్తోంది. అప్పటిదాకా ఆ 600ని ఇళ్లలో తక్కువ పవర్‌తో వాడుకోనివ్వండి.

పాత జేటీఓ:
ఒకసారి లైసెన్సు లేకుండా జనం చేతిలో పడ్డ రౌటర్లని తర్వాత వెనక్కి ఎవడు తీసుకుంటాడు నాయనా? లక్ష ఇళ్లు తిరిగి స్విచ్ ఆపుతావా? వేలం ఆలస్యమైనా పరవాలేదు, ఖాళీగా ఉంచు. ఖాళీ అయితే మనసు మార్చుకోవచ్చు.

కేబుల్ బాబ్జీ:
ఖాళీ ఏముంది మాస్టారూ, అక్కడ మా అప్‌లింక్ ఉందని చెప్పాగా.

పాడేరు పంతులమ్మ:
వేలమే వేస్తే ఒక షరతు రాయమనండి. ఏ సర్కిల్‌లో (టెలికాం లెక్కలో రాష్ట్రం లాంటిది) 6 గిగాహెర్ట్జ్ కొన్నవాడు ఆ సర్కిల్‌లో సిగ్నల్ లేని పంచాయతీల్లో ముందు 700 లేదా 900 వెలిగించాలి, ఆ తర్వాతే బీచ్‌రోడ్డు టవర్‌కి అనుమతి. ట్రాయ్‌కి ఎవరైనా అభిప్రాయం రాస్తే ఈ ముక్క చేర్చండి. నేనే పంపుదామంటే ఇక్కడ మెయిల్ వెళ్లదు.