మోడల్ హెలికాప్టర్ ఇంజనుకి మఫ్లర్ వదులవకుండా బిగించడం ఎలా?

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. నా దగ్గర 50 సైజు నైట్రో (నైట్రోమీథేన్ కలిపిన ఇంధనంతో నడిచే) మోడల్ హెలికాప్టర్ ఉంది. అంటే ఇంజను 0.50 ఘనపు అంగుళాలు, సుమారు 8.2 సీసీ. మఫ్లర్‌ని (పొగ శబ్దం తగ్గించే సైలెన్సర్) రెండు అలెన్ బోల్టులతో ఇంజను పక్కన బిగించాలి. ఎంత బిగించినా ఎగిరి దిగేసరికి బోల్టులు వదులై, అతుకు దగ్గర నల్లటి నూనె కారుతోంది.

నూనె తుడిస్తే పోతుంది, నా బెంగ అది కాదు. ఇంధనాన్ని ఇంజనుకి నెట్టే ఒత్తిడి కోసం ట్యాంకుకి ప్రెషర్ ట్యూబు ఈ మఫ్లర్ నుంచే వెళ్తుంది కదా. లీకు వల్ల ఒత్తిడి తగ్గితే ఇంధనం చాలక ఇంజను వేడెక్కిపోతుంది, గాల్లోనే ఆగిపోవచ్చు కూడా.

నీలం థ్రెడ్‌లాకర్ (బోల్టు మర వదులవకుండా పట్టి ఉంచే జిగురు) వేసి చూశాను, అయినా లాభం లేదు. అది సుమారు 180 డిగ్రీల సెల్సియస్ వరకే పట్టు నిలుపుకుంటుంది, ఇక్కడ వేడి అంతకు మించుతోందేమో. పైగా అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, అందుకే అల్యూమినియం ఇంజనులో ఉక్కు బోల్టుల బిగువు మారుతోందేమో.

మా ఊరి బైకు మెకానిక్ అతుకు సందు మూసే ఎర్ర సిలికాన్ గాస్కెట్ పేస్టు పూయమంటున్నారు. మరీ మందమైతే ముక్క ఊడి ఎగ్జాస్ట్ పోర్టులోకి (ఇంజను నుంచి పొగ బయటికొచ్చే రంధ్రం) పోదా? ఎంత పల్చగా పూయాలి, ఎన్ని గంటలు ఆరనివ్వాలి? పేస్టు వేస్తే అతుకు మధ్య ఉండే గాస్కెట్ (లీకు ఆపే పల్చటి పొర) తీసేయాలా? మఫ్లర్ చివర ఫ్రేముకి రబ్బరు ఆధారం ఇస్తే అదురు తగ్గుతుందా? ఇంజను వేడిగా ఉండగా మళ్లీ బిగించవచ్చా, లేక మర పోతుందా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.