స్లాట్ కారు హెడ్‌లైట్లకు అద్దాలు ఎలా అతికించాలి?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. 1/32 స్కేల్‌లో ఫోర్డ్ జీటీ40 స్లాట్ కారు (ట్రాక్ మీది గాడి వెంట కరెంటుతో పరుగెత్తే బొమ్మ రేసు కారు) చేస్తున్నాను. అసలు కారు ఎత్తు 40 అంగుళాలు, నాది అంగుళంపావు. పాత మోటారు రాగితీగతో వైపర్లు చక్కగా కుదిరాయి. హెడ్‌లైట్ల దగ్గరే ఆగిపోయాను. మాత్రల అట్ట మీది ప్లాస్టిక్ బుడగ కత్తిరించి సూపర్ గ్లూతో అతికించాను. తెల్లారి చూస్తే లోపలంతా మంచు పట్టినట్టు తెల్లగా మసకబారింది. రెండు జతలు ఇలాగే పోయాయి, ప్రాణం ఉసూరుమంది.

ఫెవికాల్ వాడితే, మలుపులో కారు గాడి తప్పి గోడకు తగిలినప్పుడు ఊడిపోతుందేమో? యూవీ రెసిన్ (అతినీలలోహిత కాంతి తగిలితే గట్టిపడే పారదర్శక ద్రవం) చుక్క వేస్తే మా ఎండలకు పసుపెక్కుతుందా? చేసి చూసినవాళ్లు చెప్పండి. చిత్తూరులోగానీ ఇక్కడగానీ పల్చటి పారదర్శక ప్లాస్టిక్ షీటు దొరికే కొట్టు తెలిసినా చెప్పండి, వెళ్లి తెచ్చుకుంటాను.