లెప్ జన్యువు పేజీలో ఊబకాయం, డయాబెటిస్ అని ఉంది. సెమినార్‌లో ఎలా చెప్పాలి?

ప్రశ్న (ఎమ్మెస్సీ జువాలజీ విద్యార్థి):
అందరికీ నమస్కారం. వచ్చే వారం నా సెమినార్. గైడ్ గారు ఎలుకలోని లెప్ జన్యువు ఇచ్చారు. డేటాబేస్‌లో 'పని' దగ్గర హార్మోన్, ఆకలి నియంత్రణ అని ఉంది. 'వ్యాధులు' దగ్గర ఊబకాయం, టైప్ 2 డయాబెటిస్ ఉన్నాయి. ఈ జన్యువు వల్లే మనుషులకు షుగర్ వస్తుందని రాసేయొచ్చా? సార్ అడ్డు ప్రశ్నలు వేస్తారని టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఫిజియాలజీ లెక్చరర్):
అలా మాత్రం రాయకు తమ్ముడూ. ఆ పేజీలో 'వ్యాధులు' అంటే ఆ జన్యువు పాడైనప్పుడు కనిపించేవి. బాగున్న జన్యువు చేసే పని ముందు చెప్పు.

లెప్ ఎలుకలో 6వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మనిషిలో 7వ దాని మీద. కొవ్వు కణాల్లో దీన్నుంచి 167 అమైనో ఆమ్లాల ప్రోటీన్ తయారవుతుంది. మొదటి 21 తెగిపోగా మిగిలిన 146 లెప్టిన్ అనే హార్మోన్‌గా రక్తంలో కలుస్తాయి. ఒంట్లో కొవ్వు నిల్వ ఎంతుందో మెదడులో ఆకలిని చూసుకునే హైపోథాలమస్ భాగానికి తెలిసేది దీనివల్లే. లెప్టిన్ చాలినంత ఉంటే ఆకలి పుట్టించే న్యూరాన్లు నెమ్మదిస్తాయి.

ఇక జబ్బు కథ. 1949లో అమెరికాలోని బార్ హార్బర్‌లో, జాక్సన్ ల్యాబొరేటరీలో విపరీతంగా లావెక్కే ఎలుకలు కనిపించాయి. అవే 'ఓబీ' ఎలుకలు. తర్వాత అక్కడే డగ్లస్ కోల్మన్ చేసిన ప్రయోగాన్ని మాత్రం వదలొద్దు, నా దృష్టిలో సెమినార్ మొత్తానికి ప్రాణం అదే. రెండు ఎలుకలను పక్కపక్కన కుట్టి రక్తం ఒకదాన్నుంచి ఇంకోదానికి పారేలా చేశాడు. మామూలు ఎలుకతో కలిపితే ఓబీ ఎలుక తిండి తగ్గించింది. 'డీబీ' అనే ఇంకో రకం లావు ఎలుకతో కలిపితే మామూలు ఎలుకే తిండి మానేసి చచ్చిపోయింది. అంటే ఓబీలో సంకేతమే లేదు. డీబీలో సంకేతం బోలెడంత ఉంది, అందుకునే రిసెప్టర్ పాడైంది. లెప్టిన్ అనే పేరు కూడా పుట్టకముందే ఆయన ఇంత దూరం ఊహించాడు! 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం జన్యువును పట్టుకుంది. ఓబీలో ఈ జన్యువులోని 105వ కోడాన్ (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల కోడ్) 'ఇక ఆపు' అని చెప్పే స్టాప్ కోడాన్‌గా మారిపోయి, ప్రోటీన్ సగంలో ఆగిపోతోంది.

ప్రశ్న అడిగిన విద్యార్థి:
చాలా థ్యాంక్స్ మేడమ్. మరి డయాబెటిస్ సంగతి?

జవాబు (ఎలుకలతో పనిచేసే పీహెచ్‌డీ స్కాలర్):
అది స్ట్రెయిన్ మీద, అంటే ఎలుకల వంశం మీద ఆధారపడుతుంది బ్రో. ఓబీలోని ఇదే మ్యుటేషన్ (జన్యువులో మార్పు) సి57బిఎల్/6 స్ట్రెయిన్‌లో ఉంటే షుగర్ కొన్నాళ్లు పెరిగి, వయసుతో పాటు దిగొస్తుంది. సి57బిఎల్‌కెఎస్‌లో ఉంటే తీవ్రమైన డయాబెటిస్ వస్తుంది. అందుకే స్లైడ్ మీద స్ట్రెయిన్ పేరు లేకుండా 'డయాబెటిస్ మోడల్' అని రాస్తే దొరికిపోతావు.

మనుషుల విషయం ఇంకా జాగ్రత్తగా చెప్పు. 1997లో బ్రిటన్‌లో, పాకిస్తానీ మూలాలున్న కుటుంబంలోని ఇద్దరు పిల్లల్లో పుట్టుకతో లెప్టిన్ లోపం బయటపడింది. లెప్టిన్ ఇంజెక్షన్లతో బరువు తగ్గింది. ఇది చాలా అరుదు. మామూలుగా లావున్నవాళ్ల రక్తంలో లెప్టిన్ తక్కువ కాదు, ఎక్కువే ఉంటుంది, మెదడే దానికి సరిగా స్పందించదు. వాళ్లకు ఇంజెక్షన్ ఇచ్చినా పెద్దగా ఫలితం కనిపించలేదు. సార్ అడిగేది ఇక్కడే.

ఇంకోటి, ఎలుక జన్యువు పేరులో మొదటి అక్షరమే పెద్దది, మనిషిదైతే అన్నీ పెద్దక్షరాలు. రెండూ ఇటాలిక్స్‌లోనే. చిన్న విషయమే గానీ మార్కులు దీనికే పోతాయి.

జవాబు (హైదరాబాద్ నుంచి మరో సభ్యురాలు):
తార్నాక నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్‌లోని డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ జంతువుల ఫొటో నెట్‌లో కనిపిస్తే ఈ సెమినార్‌లో పెట్టకు తమ్ముడూ. పేరులో ఓబీ ఉన్నా అవి ర్యాట్లు (పెద్ద ఎలుకలు), నీ సెమినార్‌లోని మౌస్‌లు (చిన్న ఎలుకలు) కావు. పైగా వాటి రక్తంలో లెప్టిన్ ఎక్కువగా ఉంటుంది, నీ ఓబీ ఎలుకలో అసలు పనిచేసే లెప్టినే ఉండదు.