దింపింది తీగలనా, వీణనా?

పద్యప్రియ: దాశరథి నిజాంను తిట్టిన పద్యంలో, "ఓ నిజాము పిశాచమా! కానరాడు / నిన్ను బోలిన రాజు మాకెన్నడేని" తర్వాత వచ్చే మూడో పాదం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. "తీగలను తెంపి అగ్నిలో దింపినావు." దింపింది తీగలనా, వీణనా? వీణనే అయితే "వీణను" అని ఉండాలి కదా? ఆ తర్వాత "నా తెలంగాణ కోటి రతనాల వీణ" అనే గుర్తుంది. మధ్యలో ఏమైనా మర్చిపోయానా?

గురులఘువు: ఏమీ మర్చిపోలేదు, ఒక అక్షరం ఎక్కువైంది. రతనాల కాదు, రత్నాల. ఛందస్సు తేటగీతి కదా, గణాలుగా విడదీయండి: నాతె, లంగాణ, కోటిరత్, నాల, వీణ. హ, త, ర, హ, హ. "రతనాల" అంటే మూడో గణం దగ్గరే చెడుతుంది. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన నా–త్నా యతి కూడా పోతుంది.

నోటిమాట: లెక్క సరే. కానీ సభల్లో నేను విన్నది రతనాలే, గోడల మీద చూసిందీ రతనాలే. రత్నానికి వికృతి రతనం. గొంతెత్తి అనడానికి సంయుక్తాక్షరం అడ్డం పడిందని జనం విప్పుకున్నారు. నిజామాబాదు జైలు గోడ మీద బొగ్గుతో రాసిన పద్యం ఇది. గోడను తుడవొచ్చు, నోటికెక్కినదాన్ని ఎట్లా తుడుస్తారు? ఆ ఒక్క అక్షరమే నాకు దానికి సాక్ష్యం.

గురులఘువు: జనం పలకడాన్ని తప్పుపట్టను, కవి పాఠం అని మాత్రం అనొద్దు. గోడ మీద రాసుకోవలసి వచ్చిన మనిషికి ఛందస్సే కాగితం. గణం తప్పితే నాలుకే ఆపుతుంది. మిగతా యతులు చూడండి: మొదటి రెండు పాదాల్లో ప్రాసయతి, అంటే రెండో అక్షరాలు కలవడం (ఓని–కాన, నిన్ను–కెన్న), మూడోదాంట్లో తీ–దిం. ఇంత బిగువుగా కట్టినాయన చివర్లో జారతాడా?

పాతసంచిక: ఆ జైల్లో వట్టికోట ఆళ్వారుస్వామి కూడా ఉన్నారు. దాశరథి కవితా సంపుటి "అగ్నిధార" ఆయనకే అంకితం. దేశోద్ధారక గ్రంథమాల నడిపి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. ఆయన గురించి మొదలుపెడితే నేను ఆగలేను. సభ పెట్టాలంటే ముందు అనుమతి కావాలని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉన్న నిజాం రాజ్యం అది. సభను ఆపొచ్చు గానీ, ఇంట్లో కూర్చుని చదువుకునేవాడి తలలోకి ఏ అమీను (పోలీసు అధికారి) వెళ్తాడు? తీగలంటే నా దృష్టిలో అవే: బడి, సభ, గ్రంథాలయం, పత్రిక. ఉర్దూ పత్రిక "ఇమ్రోజ్" సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో చంపినవాళ్లు ఆయన చెయ్యి కూడా నరికారు. తెగిన తీగ అనగానే నాకు ఆ చెయ్యే కనిపిస్తుంది.

పద్యప్రియ: ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. అయితే తెంపడం ముందు, దింపడం తర్వాత అన్న వరుస కావాలని పెట్టిందేనా? పలుకుతున్న వీణను కాలిస్తే నలుగురూ వింటారు. మూగదైతే ఎవరికీ తెలియదు.

నోటిమాట: అదే. పాలకుడికి ముందు భయం మోతంటేనే. ఉస్మానియాలో 1918 నుంచి చదువు ఉర్దూలో సాగింది, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు కూడా. దీన్ని ఉర్దూ మీద కోపంగా చదవొద్దు. షోయబుల్లా రాసింది ఉర్దూలోనే. ఉర్దూ కవి గాలిబ్‌ను తెలుగు చేసింది ఈ దాశరథే.

గురులఘువు: గాలిబ్ గీతాలకు వేరే చర్చ పెట్టుకుందాం, నాకు చాలా చెప్పాలని ఉంది. "వీణను" సంగతికొస్తే, "పుస్తకం చదివాను" అంటాం, "ను" అనే ద్వితీయా విభక్తి లేకుండానే. నాలుగో పాదంలో "వీణ" కూడా అట్లాగే. కాబట్టి దింపింది వీణనే.

నోటిమాట: నేనొప్పుకోను. "దింపినావు" దగ్గర వాక్యం అయిపోయింది. నాలుగో పాదం క్రియ లేని వేరే వాక్యం: నా తెలంగాణ, కోటి రతనాల వీణ. నువ్వు తెంపినా, కాల్చినా అది వీణే.

పద్యప్రియ: అట్లా చదివితే అగ్నిలో పడ్డవి తీగలే అవుతాయి. నా ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది.

గురులఘువు: ఆ వాక్యంలో కూడా రత్నాలే. "అగ్నిధార" తొలి ముద్రణ ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టండి.