పిల్లల సైన్సు పుస్తకంలో కల్పించిన సంభాషణలు పెట్టొచ్చా? కలివి కోడి అధ్యాయం మీద చర్చ

మాజీ వకీలు, నెల్లూరు:
కోర్టు పని మానేసి సైన్సు విలేకరిగా మారినవాణ్ణి. ఇప్పుడు హైస్కూలు పిల్లల కోసం మన వైపు పక్షులూ జంతువుల మీద పుస్తకం రాస్తున్నాను. అందులో ఒక అధ్యాయం కలివి కోడిది. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న థామస్ జెర్డన్ ఇక్కడి యానాది గిరిజనులను అడిగి జీవాల పేర్లు, అలవాట్లు తెలుసుకున్నాడు. నెల్లూరు, కడప వైపు తూర్పు కనుమల్లో ఆయనకు దొరికిన ఈ పక్షి 1848లో శాస్త్ర గ్రంథాలకెక్కింది. 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనబడకపోయేసరికి అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది.

జెర్డన్ దొర, ఒక యానాది పిల్లాడు చెట్టు కింద కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు రెండు పేజీలు చేర్చమని ప్రచురణకర్త అడుగుతున్నారు. నేను ఒప్పుకోలేదు. వాళ్ళేం మాట్లాడుకున్నారో నేను చదివిన ఏ కాగితంలోనూ లేదు. కళ్ళారా చూసిన సంగతైతే చూసినవాడే వచ్చి చెప్పాలని 2024 దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం 60వ సెక్షను అనేది, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టమూ అదే అంటుంది. పెద్దవాళ్ళ కోర్టులో చెల్లని మాటను, ఎదురు ప్రశ్నలేసి నిగ్గు తేల్చడం (క్రాస్ చెయ్యడం) తెలియని పిల్లల ముందు ఎట్లా పెట్టేది? మీ అభిప్రాయం చెప్పండి.

లెక్కల మాస్టారు, ఒంగోలు:
వకీలు గారూ, మీ నిజాయితీని కాదనను. కానీ మా బడి పిల్లలకు పాఠ్యపుస్తకం కాకుండా ఇంకో తెలుగు పుస్తకం చేతికి రావడమే అరుదు. తెరవగానే తారీఖులు కనిపిస్తే మూసేస్తారు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఆగి చదువుతారు. ‘ఈ సంభాషణ ఊహించి రాసింది’ అని కింద ఒక లైను వేయండి, సరిపోతుంది. చదవని నిజం ఎవరికి ఉపయోగం?

ఒక అమ్మ, కావలి:
ఆ కింది లైను ఏ పిల్లలూ చదవరు మాస్టారూ. న్యూటన్ తోటలో ఆపిల్ పండు రాలడం చూశానని చెప్పుకున్నాడు, అంతే. అది నెత్తిన పడిందని ఎవరో చేర్చారు. ఈరోజు ఏ పిల్లాణ్ణి అడిగినా నెత్తిన పడిందనే చెప్తాడు. మా వాడూ అంతే. ఒకసారి కథగా మనసులో పడ్డాక దిద్దడం మా వల్ల కావట్లేదు.

మాజీ వకీలు, నెల్లూరు:
మాస్టారూ, తారీఖులు తగ్గించమంటే తగ్గిస్తాను. ఆ మాట సబబే. కానీ పిల్లలు సంభాషణ కోసమే ఆగుతారంటే నేను నమ్మను. ఈమధ్య ఆత్మకూరు వైపు ఒక బడిలో ఎనిమిదో తరగతికి ఈ అధ్యాయం చదివి వినిపించాను. అది రాత్రిపూట తిరిగే పక్షి అని, పొదల మధ్య ఖాళీ నేల మీద పరిగెత్తుతుందని, పగలు కదలకుండా ఉంటే పక్కనే నడిచిపోయినా కనబడదని చెప్పాను. 1986లో కూడా అయితన్న అనే స్థానిక వేటగాడు రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టాడు. అక్కడికి వచ్చేసరికి వెనక బెంచీలో ఒకమ్మాయి లేచింది. “రాత్రి తిరిగేదాన్ని పగలు వెతికితే ఎట్టా దొరకద్ది సార్? ఊళ్ళోవాళ్ళను అడగలేదా?” అంది.

ఆ ప్రశ్న కోసమే నేను రాస్తున్నది. కల్పించిన పిల్లాడి నోటితో నేనే జవాబు చెప్పేసి ఉంటే ఆమెకు అడగాల్సిన పనే ఉండేది కాదు.

సంగం కుర్రోడు:
సార్, నేను యానాదుల అబ్బాయిని, పీజీ చదువుతున్నా. ఇందాకటి నుంచి చదువుతుంటే ఒక సంగతి ఎవరూ పట్టించుకోలేదనిపించింది. కాగితంలో ఉన్నదే రాస్తానంటే మీ పుస్తకంలో మాట్లాడేది దొర ఒక్కడే. కాగితం ఆయనది, కలం ఆయనది. పేర్లు చెప్పినవాళ్ళ పేర్లే మిగల్లేదు. మీ సెక్షను ప్రకారం మా వాళ్ళు ఎప్పటికీ బోనెక్కలేరు.

అట్లాగని చెట్టు కింద పిల్లాడూ వద్దు మాస్టారూ. వాడేం మాట్లాడతాడో నాకు ముందే తెలుసు. “దొరా, అదిగో పిట్ట” అంటాడు, అంతే. ఆశ్చర్యపోయేది, ఆలోచించేది అంతా దొరే.

మా తాత ఎలుకలు పట్టేవాడు. బొక్క ముందు గొంతుక్కూర్చుని మొదట మట్టి చూస్తాడు. కొత్తగా తోడిన మట్టి తడిగా, కాస్త ముదురు రంగులో ఉంటుంది. వాకిలికి సాలెగూడు పట్టి ఉంటే లోపల ఎలుక లేనట్టే, లేచిపోతాడు. ఉందని తేలితే మిగతా దారులన్నీ వెతికి మూసి, అడుగున చిల్లి పెట్టిన కుండలో గడ్డి రాజేసి, మూతి బొక్కకు ఆనించి పొగ ఊదుతాడు. ఇది సైన్సు కాదా? దీన్ని ఎవరూ కల్పించక్కర్లేదు. వచ్చి కూర్చుని చూస్తే చాలు.

మాజీ వకీలు, నెల్లూరు:
తమ్ముడూ, సెక్షను అడ్డం రాదు. మీ తాతగారు చెప్పేది ప్రత్యక్ష సాక్ష్యం. 1840ల నాటి మాటలు మాత్రం ఇప్పటికీ కల్పించను. జెర్డన్‌కు చెప్పినవాళ్ళ పేర్లు ఆ పుస్తకాల్లోకి ఎందుకు రాలేదో పిల్లలనే అడుగుతూ ఒక పేరా రాస్తాను. ఆ పక్క పేజీ మీ తాతగారిది. ఆయన ఒప్పుకుంటే వచ్చి కూర్చుంటాను.

లెక్కల మాస్టారు, ఒంగోలు:
ఆ పేజీలో తాతగారు మనవడితో మాట్లాడతారుగా. అదీ సంభాషణే, ఒక్క ముక్క కల్పించకుండా. అయితే వకీలు గారూ, మన పుణ్యం కొద్దీ ఇక్కడ చెప్పేవాళ్ళున్నారు. చెప్పేవాళ్ళెవరూ మిగలని విషయాల్లో పిల్లల్ని ఎట్లా కూర్చోబెట్టాలన్న నా బాధ అట్లాగే ఉంది. కొద్దిగా ఊహ కావాలనే నేనంటాను.

సంగం కుర్రోడు:
రండి సార్, తాతతో మాట్లాడతా. ఒక్క మాట. ఆయన చెప్పింది అచ్చుకు ముందు ఆయనకు చదివి వినిపించాలి. పేరు వెనకాల కృతజ్ఞతల్లో కాదు, ఆ పేజీ మీదే వెయ్యాలి. డబ్బు సంగతి కూడా ముందే తేల్చుకుందాం.